ఆరుగురం ఉన్నాం, పేక పెట్టెంత ఆట కావాలి: మీకు నచ్చింది ఒక్కటి చెప్పండి

#1 కొత్తముక్క

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మేం ఆరుగురు స్నేహితులం. నెలకు రెండుసార్లు ఎవరో ఒకరింట్లో కలుస్తాం. కలిసిన అరగంటకి మాటలు అయిపోతాయి, తలా ఒక ఫోన్ తీస్తారు. ఈసారి టేబుల్ మీద ఏదైనా పెట్టాలని నా ఆశ. బోర్డులు, బొమ్మలు, గుప్పెడు పాచికలు, ఇవన్నీ వద్దు. సంచిలో పడేసుకుని వెళ్లగలిగే కార్డ్ గేమ్ చాలు.

మావాళ్ల సంగతి చెప్తే మీకు సులువవుతుందేమో. ఒకడు రూల్స్ చెప్తుంటే రెండో నిమిషంలోనే "మొదలెట్టరా, ఆడుతూ నేర్చుకుంటా" అంటాడు. ఒకావిడ ప్రతి ముక్కకీ మూడు నిమిషాలు ఆలోచిస్తుంది. ఇంకొకడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. ఇద్దరు భార్యాభర్తలు, ఒక జట్టులో వేస్తే గొడవ, వేరే జట్లలో వేస్తే ఇంకా పెద్ద గొడవ. ఆరోవాణ్ని నేను. ఓడిపోతే కాసేపు ముఖం మాడ్చుకుంటాను, ఒప్పుకుంటున్నా.

రంగో అంకెో కలిపి ముక్కలు వేసే ఊనో ఆడాం. మొదటి రోజు బాగుంది. రెండో రోజు, పక్కవాళ్లతో నాలుగు ముక్కలు తీయించే ప్లస్ ఫోర్ మీద ప్లస్ ఫోర్ వేయొచ్చా లేదా అని ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. మూడో రోజు ఎవరూ పెట్టె తియ్యలేదు.

మీరు మీవాళ్లతో ఆడేవాటిలో బాగా నచ్చింది ఒక్కటే చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి.

#2 ఓడినవాడు

ఎలిమినేషన్ ఉన్న ఆట, అంటే ఓడినవాళ్లు మధ్యలోనే బయటికి పోయేది, మాత్రం కొనకండి. మిగతాది మీ ఇష్టం.

#3 తురుపురాణి

ఆలోచించక్కర్లేదు, "ద క్రూ" కొనండి. 2019లో వచ్చింది, తర్వాతి ఏడాది జర్మనీలో ఆటలు బాగా తెలిసినవాళ్ల కోసం ఇచ్చే కెన్నర్‌ష్పీల్ బహుమతి కూడా కొట్టింది. తురుపు ఆటలు వచ్చినవాళ్లకి అరనిమిషంలో ఎక్కేస్తుంది. నాలుగు రంగులు, ఒక్కో రంగులో 1 నుంచి 9, తురుపు ముక్కలుగా నాలుగు రాకెట్లు. మొత్తం 40. ముందు వేసిన రంగే వేయాలి, లేకపోతే ఏదైనా వేయొచ్చు. ఆ రంగులో పెద్ద ముక్క వేసినవాళ్లదే పట్టు, అంటే తలా ఒకటి వేసిన ముక్కలన్నీ వాళ్లవే. తురుపు పడితే పెద్ద తురుపుదే పట్టు. ఇంతవరకూ మనకి తెలిసిందే.

తేడా ఏంటంటే ఇందులో ఒకరి మీద ఒకరు ఆడరు. అందరూ ఒకే జట్టు. "ఆకుపచ్చ 3 ఉన్న పట్టు ఫలానా ఆయనకే పడాలి, పసుపు 9 ఫలానా ఆవిడకే పడాలి" అని ముందే పనులు పంచుకుంటాం. అవన్నీ జరిగితే అందరం గెలిచినట్టు. ఒక్కటి తప్పినా అందరం ఓడినట్టు. మధ్యలో చేతిలో ఏముందో నోరు తెరిచి చెప్పకూడదు. ఒక్కొక్కరూ ఒక్కసారి, ఒక్క ముక్క మాత్రం వెల్లకిలా పెట్టి, "ఈ రంగులో నా దగ్గరున్న పెద్దది ఇదే", లేదా "చిన్నది ఇదే", లేదా "ఉన్నది ఇదొక్కటే" అని ఒక బిళ్లతో గుర్తు చూపించొచ్చు. అంతే.

మొత్తం 50 మిషన్లు. ఒక్కోటీ అయిదారు నిమిషాలు. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ అర్ధరాత్రి దాటించేస్తారు, నాది పూచీ.

#4 ఆఖరివరుస

తురుపురాణి గారూ, ఆట మంచిదే, నా అల్మారాలో కూడా ఉంది. కానీ అయిదుగురికి మించి కుదరదు కదా. వీళ్లు ఆరుగురు. ఆరోవాణ్ని స్కోరు రాయమందామా? అందులో స్కోరు కూడా ఉండదు.

పైగా ఆ భార్యాభర్తల పక్కన కూర్చుని "మాట్లాడకుండా ఆడాలి" అని చెప్పే ధైర్యం మీకుంటే ఉందేమో, నాకు లేదు.

కొత్తముక్క గారూ, నా మాట "6 నిమ్ట్". పేరు చూసి భయపడకండి. జర్మన్‌లో "ఆరోది తీసుకుంటుంది" అని అర్థం, ఆట మొత్తం ఆ పేరులోనే ఉంది. కొన్నిచోట్ల "టేక్ 5" అనే పేరుతో కూడా అమ్ముతారు. వుల్ఫ్‌గాంగ్ క్రామర్ 1994లో చేసిన ఆట. నేను మొదటిసారి పెట్టె తెరిచినప్పుడు నిజంగా నిరాశపడ్డాను. 1 నుంచి 104 వరకు అంకెలు వేసిన ముక్కలు, వాటి మీద ఎద్దు తలకాయలు. అంతకుమించి ఏమీ లేదు. పక్కన పడేశాను. ఆర్నెల్లు అలాగే ఉంది.

ఆడే పద్ధతి చెప్తాను. ఒక్కొక్కరికి పది ముక్కలు పంచాలి. మధ్యలో నాలుగు ముక్కలు ఒకదాని కింద ఒకటి వెల్లకిలా పెట్టాలి, అవే నాలుగు వరుసలకి మొదళ్లు. ఇప్పుడు అందరూ ఒకేసారి చేతిలోంచి ఒక ముక్క తీసి బోర్లా పెడతారు. అందరూ పెట్టాక ఒకేసారి తిప్పుతారు. అందరికంటే చిన్న అంకె ముందు వరుసలోకి వెళ్తుంది, తర్వాత దాని పైది, అలా పెద్దదాకా.

ఏ వరుసలోకి వెళ్లాలో మనం ఎంచుకునేది కాదు. వరుసల చివర 12, 37, 58, 90 ఉన్నాయనుకోండి. నేను 40 వేస్తే అది 37 పక్కకే వెళ్లాలి, ఎందుకంటే తనకంటే చిన్నవాటిలో దానికి దగ్గరున్నది 37. 57 వేసినా 37 పక్కకే. 59 అయితే 58 పక్కకి. వరుసలో అయిదు వరకు ఫర్వాలేదు. ఆరో ముక్క ఎవరిదైతే వాళ్లు ముందున్న అయిదూ ఎత్తుకుపోవాలి, వాళ్ల ముక్క ఆ వరుసకి కొత్త మొదలవుతుంది. ఎత్తుకున్న ముక్కల మీదున్న ఎద్దు తలలన్నీ శిక్ష పాయింట్లు. ఎవరికైనా 66 దాటితే ఆట అయిపోయినట్టు, అందరికంటే తక్కువ తలలున్నవాళ్లు గెలిచినట్టు.

మరి 8 వేస్తే? అన్ని వరుసల చివర్ల కంటే చిన్నది, పోవడానికి చోటు లేదు. అప్పుడు మీకు నచ్చిన ఒక వరుస ఎత్తుకుని అక్కడ 8 పెట్టాలి. ఇదేదో శిక్షలా కనిపిస్తుంది గానీ, ఒకే తల ఉన్న ఒంటి ముక్క వరుస దొరికితే ఇదే పెద్ద ఎత్తుగడ. మీరు వరుస మార్చేయగానే, మీ తర్వాత వచ్చేవాళ్ల లెక్కలన్నీ కూలిపోతాయి. అప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

తలల లెక్క కూడా చెప్పేస్తాను. మామూలు ముక్కకి ఒకటి. అయిదుతో ముగిసేవాటికి రెండు. సున్నాతో ముగిసేవాటికి మూడు. 11, 22, 33 లాంటి జంట అంకెలకి అయిదు. 55కి ఏడు. పాపం 55. దాన్ని చేతిలో చూడగానే కడుపులో తిప్పుతుంది.

మీవాళ్లకి ఎందుకు సరిపోతుందంటే: ఇద్దరి నుంచి పది మంది వరకు ఆడొచ్చు. ఎవరూ మధ్యలో బయటికి పోరు. జట్లు లేవు. రంగుతో పని లేదు, అంకె చూస్తే చాలు. ఒకరి వంతు కోసం ఇంకొకరు ఆగక్కర్లేదు, అందరూ ఒకేసారి ఆలోచిస్తారు. రూల్స్ వినని మనిషికి కూడా మూడు ముక్కలు పడేసరికి తెలిసిపోతుంది.

#5 బొంకులబాబు

పైన వ్యాసం రాసినాయనకి దండం. నేను నాలుగు ముక్కల్లో చెప్తా: కాక్రోచ్ పోకర్.

64 ముక్కలు. బొద్దింక, ఎలుక, ఈగ, కప్ప, గబ్బిలం, తేలు, సాలీడు, కంపు పురుగు. ఎనిమిది జీవాలు, ఒక్కోటీ ఎనిమిదేసి. నేను ఒక ముక్క బోర్లా మీ ముందుకి తోసి "ఇది బొద్దింక" అంటాను. మీరు నా కళ్లలోకి చూసి నిజమో అబద్ధమో చెప్పాలి. సరిగ్గా చెప్తే ముక్క నాకు, తప్పితే మీకు. లేదా మీరు తొంగిచూసి, మరొకరి ముందుకి తోసి "కాదు, ఇది కప్ప" అనొచ్చు. ఎవరి ముందైనా ఒకే జీవం నాలుగు చేరితే ఆ మనిషి ఓడిపోయినట్టు.

ఇందులో గెలిచేవాళ్లు ఉండరు. ఓడేవాడు ఒక్కడే ఉంటాడు. మిగతా అందరూ బతికిపోయినవాళ్లు. అదే దీని అందం.

#6 ఓడినవాడు

> ఓడేవాడు ఒక్కడే ఉంటాడు

ఆ ఒక్కడు నేనే. ప్రతిసారీ. నా ముఖం అద్దం లాంటిదట. ఒక రాత్రి వరసగా నాలుగు ఆటలు నేనే ఓడాను. చివరికి అయిదుగురూ ఏకమై నాకే ముక్కలు తోస్తున్నారు. అందులో ఆ ముక్కని ఇంకా చూడనివాళ్లలో ఎవరి ముందుకైనా తోయొచ్చు. ఓడితే ముఖం మాడ్చుకుంటానన్న కొత్తముక్క గారికి నేను సిఫారసు చేయను.

#7 బొంకులబాబు

ఓడినవాడు గారూ, మీరు మా గ్రూపులోకి రావాలి. రవాణా ఖర్చులు మేమే పెట్టుకుంటాం.

#8 అట్టపెట్టె

ఎవరూ డొమినియన్ పేరెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఆడుతూ ఆడుతూ ఎవరి కట్ట వాళ్లే కట్టుకునే ఆటలన్నిటికీ దారి చూపించింది అదే. 2008లో వచ్చింది, 2009లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటకి ఇచ్చే ష్పీల్ డెస్ యారెస్ బహుమతి గెలిచింది. అందరూ ఒకేలాంటి పది ముక్కలతో మొదలవుతారు, ఏడు రాగి నాణేల ముక్కలు, మూడు ఎస్టేట్ ముక్కలు. ప్రతి వంతులో అయిదు తీసి, వాటితో మధ్యలో ఉన్నవి కొని, కొన్నవి కట్టలో కలుపుకుంటారు. కట్ట అయిపోగానే పారేసినవన్నీ కలిపి మళ్లీ మొదలు. నెమ్మదిగా మీ కట్ట మీ బుద్ధి ఎలాంటిదో చూపిస్తుంది.

రాశాక గుర్తొచ్చింది, మూల పెట్టెతో నలుగురికే కుదురుతుంది. పెట్టె కూడా సంచిలో పట్టదు. సరే, వదిలేయండి. కానీ ఎప్పుడైనా నలుగురే మిగిలితే గుర్తుపెట్టుకోండి.

#9 నిదానం

కొత్త పెట్టె ఎందుకండీ. ఇంట్లో 52 ముక్కల కట్ట ఉంటే చాలు. "జడ్జ్‌మెంట్" ఆడండి. ఆరుగురికి చక్కగా సరిపోతుంది.

మొదట ఒక్కొక్కరికి ఎనిమిది పంచండి. తురుపు రంగు చెప్పుకోండి. తన చేతిలోవి చూసుకుని ఒక్కొక్కరూ "నేను ఇన్ని పట్లు పడతాను" అని చెప్పాలి. సరిగ్గా అన్నే పట్టాలి. ఎక్కువైనా సున్నా, తక్కువైనా సున్నా. చివర చెప్పేవాళ్లకి ఒక మెలిక ఉంది: అందరూ చెప్పినవి కలిపితే మొత్తం పట్ల సంఖ్యకి సమానం కాకూడదు. అంటే ఎవరో ఒకరు తప్పి తీరాలి. తర్వాత ఆటకి ఏడు ముక్కలు, ఆ తర్వాత ఆరు, అలా ఒక్కటి దాకా దిగాలి. ఒక్క ముక్క ఆట దగ్గరికి వచ్చేసరికి నవ్వులే నవ్వులు.

మంచి చేయి పడినవాడే గెలవాలని లేదు ఇందులో. చెత్త చేయి పడితే "సున్నా" అని చెప్పి, ఒక్క పట్టూ రాకుండా తప్పించుకోవడం కూడా గెలుపే. నాకు అదే ఇష్టం.

#10 తురుపురాణి

నిదానం గారి మాటకి నా ఓటు కూడా. ఆరుగురని చూసుకోకుండా ద క్రూ చెప్పడం నాదే పొరపాటు. జడ్జ్‌మెంట్ అయితే ఆ ఇబ్బంది లేదు, పైసా ఖర్చు కూడా లేదు.

ఒకటే అనుమానం. ప్రతి ముక్కకీ మూడు నిమిషాలు ఆలోచించే ఆవిడ ఉందన్నారు. ఎనిమిది పట్లు, ప్రతి పట్టులో అందరూ ఆవిడ కోసం ఆగాలి.

#11 కొత్తముక్క

అందరికీ థ్యాంక్స్. ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు.

జడ్జ్‌మెంట్ నాకు నచ్చింది కానీ తురుపురాణి గారి అనుమానమే నాదీ. రంగులు వేరుగా కనిపించవని చెప్పానే, మావాడికి మామూలు పేకతో ఇబ్బంది లేదు, ఇస్పేటు, ఆఠీను గుర్తులు చూసి ఆడేస్తాడు. ఊనోలో మాత్రం రెండుసార్లు ఎరుపు అనుకుని ఆకుపచ్చ వేశాడు, అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు కానీ తర్వాత ఆడనన్నాడు. అందుకే రంగుతో పని లేని ఆట అంటే నాకు సగం సమస్య తీరినట్టే.

ఆఖరివరుస గారూ, ఒక ప్రశ్న. మీరు చెప్పింది చదివితే అంతా అదృష్టమే అనిపిస్తోంది. మిగతా అయిదుగురు ఏం పెడతారో తెలియకుండా నేను ఆలోచించి మాత్రం ఏం లాభం?

#12 అట్టపెట్టె

అదే నేనూ అందామనుకున్నా. 6 నిమ్ట్ నాలుగుసార్లు ఆడాను. రెండుసార్లు బాగా ఆలోచించి ఆడి ఓడాను. మూడోసారి కళ్లు మూసుకుని చేతికందిన ముక్క వేశాను, గెలిచాను. దాన్ని ఆట అనాలో లాటరీ అనాలో తేల్చుకోలేక నాలుగోసారి ఆడాను. మళ్లీ ఓడాను.

#13 లెక్కలపిచ్చి

ఇక్కడికి రావలసి వచ్చింది.

అదృష్టం ఉంది, కాదనను. కానీ ఆరుగురు ఆడేటప్పుడు 104 ముక్కలతో ఆడితే ఏమవుతుందో చూడండి. చేతుల్లోకి 60, వరుసల్లోకి 4, మొత్తం 64 వాడతారు. మిగతా 40 పెట్టెలో ఉంటాయి. అవి ఏవో ఎవరికీ తెలియదు. అంటే 41 ఎవరి చేతిలోనైనా ఉందా, పెట్టెలో ఉందా అన్నది కూడా తెలియకుండా ఆడుతున్నారు. అట్టపెట్టె గారికి లాటరీలా అనిపించడంలో వింత లేదు.

దీనికి మందు ఆ రూల్స్ కాగితంలోనే ఉంది, చాలామంది చదవరు. ఎంతమంది ఆడుతుంటే దానికి పది రెట్లు, మరో నాలుగు కలిపి అన్ని ముక్కలే తీసుకోండి. ఆరుగురైతే 1 నుంచి 64. మిగతావి పెట్టెలో పెట్టేయండి. ఇప్పుడు ప్రతి ముక్కా ఎవరిదో ఒకరి చేతిలో ఉంటుంది. వరుస చివర 40 ఉంది, నా దగ్గర 43 ఉంది, నా చేతిలోనే 42 కూడా ఉందనుకోండి. ఇక మధ్యలోకి రాగలిగింది 41 ఒక్కటే. అది ఇదివరకే పడిపోయి ఉంటే నా 43 ఆ వరుసలోకే వెళ్తుంది, మధ్యలో ఎవరూ దూరలేరు. ఎవరైనా చిన్న ముక్క వేసి ఆ వరుసే ఎత్తేస్తే తప్ప. అది అదృష్టం కాదు, జ్ఞాపకశక్తి.

తలల లెక్క కూడా చూడండి. మొత్తం పెట్టెలో 171 తలలు ఉంటాయి. 1 నుంచి 64 వరకు అయితే 103. కానీ ఎలా ఆడినా బయటికి వచ్చేవి 64 ముక్కలే కాబట్టి, 66 దాటడానికి పట్టే సమయం పెద్దగా మారదు.

ఇంకొక్క మాట, సంబంధం లేకపోయినా. ముక్కలు సరిగ్గా కలపకపోతే పై లెక్కలన్నీ దండగ. ఒక ఆట అయ్యాక వరుసలన్నీ చిన్న నుంచి పెద్దకి పేర్చి ఉంటాయి, అలాగే కట్ట చేసి రెండుసార్లు పైపైన కలిపి పంచేస్తారు. 52 ముక్కల కట్టని సగానికి విడదీసి ఒకదానిలోకి ఒకటి దించుతూ ఏడుసార్లు కలపాలని బేయర్, డయకోనిస్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1992లో లెక్కగట్టారు. ఏడుసార్లూ ఓపిక లేకపోతే టేబుల్ మీద పరిచి రెండు చేతులతో బాగా కలియబెట్టండి.

#14 నిదానం

పరిచి కలిపేటప్పుడు ముక్కల మూలలు పాడవుతాయి. ప్లాస్టిక్ తొడుగులు వేసుకోండి.

#15 అట్టపెట్టె

1 నుంచి 64 సంగతి నాకు నిజంగా తెలియదు. నాలుగు ఆటలూ మొత్తం కట్టతోనే ఆడాం. ఈ ఆదివారం మళ్లీ తీస్తాను.

తొడుగుల మాట వచ్చింది కాబట్టి: ముక్క కొలత చూసుకునే కొనండి. కార్డ్ గేమ్‌లలో ఎక్కువగా కనిపించేది 63 × 88 మిల్లీమీటర్లు, కానీ అన్నీ అదే కొలత కాదు. నేను ఒకసారి వంద తొడుగులు కొని ఇంటికి తెచ్చాక చూస్తే ముక్కలు రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ వంద ఇప్పటికీ సొరుగులో ఉన్నాయి.

#16 ఆఖరివరుస

లెక్కలపిచ్చి గారు నా పని సులువు చేశారు. నేను లెక్క జోలికి పోకుండా చెప్తాను. ఈ ఆటలో మీరు ఆలోచించాల్సింది ముక్కల గురించి కాదు, పక్కవాళ్ల గురించి. ఒక వరుసలో అయిదు నిండిపోయాయి. దాని పక్కకి వెళ్లే ముక్క మీ దగ్గరుంది. ఎవరైనా చిన్న ముక్క వేసి ఆ వరుస ఎత్తుకుపోతే మీరు హాయిగా వేసుకోవచ్చు. ఎత్తుకుపోతారా? మీ ఆలోచనావిడ ఎత్తదు, ఆగుతుంది. మీ "మొదలెట్టరా" స్నేహితుడు ఎత్తేస్తాడు. తెలిసినవాళ్లతో ఆడితే ఇందులో రుచే వేరు. కొత్తవాళ్లతో ఆడితే అట్టపెట్టె గారన్నట్టు లాటరీనే.

#17 పెద్దమనిషి (నిర్వాహకుడు)

ఒక్క సూచన. ఇందాక డబ్బులు పెట్టి ఆడే ఆటల గురించి వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఈ వేదికలో పందేల గురించి వద్దు. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.

#18 కొత్తముక్క

సరే, 6 నిమ్ట్ తీసుకుంటున్నాను. రూల్స్ ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పగలరా? మావాడు రెండు నిమిషాలకి మించి వినడు.

#19 నిదానం

చెప్పకండి. కాగితం అసలు బయటికి తీయకండి.

అందరికీ పది పంచి, నాలుగు వరుసలు పెట్టి, "మొదటి రెండుసార్లూ ఉత్తుత్తివే, అందరూ ముక్కలు కనబడేలా పట్టుకోండి" అనండి. తలా ఒకటి వేయమనండి. మీరు ఒక్కోటీ వరుసలో పెడుతూ "ఇది ఇక్కడికెందుకు వెళ్లిందంటే" అని చెప్పండి. రెండోసారి మీరు చెప్పకండి, వాళ్లనే పెట్టమనండి. మీరు వరుసలు పేర్చేటప్పుడు ఒకటి కావాలనే నిండేలా చూడండి, ఆరోది ఎలా ఎత్తుకోవాలో కళ్లారా చూస్తారు. తర్వాత అన్నీ కలిపి అసలు ఆట మొదలెట్టండి. 55 మీద తలల సంగతి ఎవరైనా ఎత్తుకున్నాకే చెప్పండి. అంతకుముందు చెప్తే గుర్తుండదు, ఎత్తుకున్నాక చెప్తే మర్చిపోరు.

నేను ఏ ఆటైనా ఇలాగే నేర్పుతాను. రూల్స్ చదివి వినిపించేవాడి ఎదురుగా కూర్చోవడం కంటే ఓడిపోవడం నయం.

#20 బొంకులబాబు

నా బొద్దింకల్ని ఎవరూ పట్టించుకోలేదు. గుర్తుపెట్టుకుంటాను.

#21 కొత్తముక్క

ఆడాం! రెండు వారాలయింది, రాయడం ఆలస్యమైంది. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

నిదానం గారు చెప్పినట్టే కాగితం తీయకుండా మొదలెట్టాను. రెండు ఉత్తుత్తి ఆటలు అయ్యాయి. అసలు ఆట మొదలైంది. మూడు నాలుగు ముక్కలు పడ్డాక ఏదో తేడాగా ఉంది. మేం చిన్న అంకె ముందు కాకుండా, కూర్చున్న వరసలో నా ఎడమ పక్కనుంచి పెట్టుకుంటూ పోతున్నాం. ఉత్తుత్తి ఆటల్లో సరిగ్గానే పెట్టాను, అసలు ఆట వేడిలో నేనే మర్చిపోయాను. పట్టుకున్నది ఎవరనుకున్నారు? రూల్స్ వినని మావాడు. "అదేంటి, ఇందాక చిన్నది ముందు పెట్టావ్ కదా" అన్నాడు. ఆ రోజు నుంచి వాడే మా రూల్స్ అధికారి.

ఆలోచనావిడ సంగతి. మొదటి ఆటలో నిజంగానే ఆలస్యం చేసింది. కానీ మిగతా అయిదుగురం ముక్కలు బోర్లా పెట్టేసి చేతులు కట్టుకుని ఆమెనే చూస్తూ కూర్చుంటే, మూడో ఆటకి మూడు నిమిషాలు కాస్తా అరనిమిషానికి దిగింది. ఎవరూ ఏమీ అనలేదు. వేరే ఆటల్లో తన వంతులో ఆలోచిస్తే మిగతావాళ్లు ఫోన్ చూసుకునేవారు, అందుకని తెలిసేది కాదనుకుంటా.

1 నుంచి 64 ముక్కలతోనే ఆడాం. ఇక నా సంగతి. ఒక వరుసలో 44, 50, 55, 56 ఉన్నాయి. నాలుగే. నా దగ్గర 61 ఉంది. వేస్తే అయిదోది అవుతుంది, భయం లేదు, దాని తర్వాత ఎవరు వేసినా వాళ్ల ఖర్మ అనుకున్నాను. లోపల మంచి సంతోషం కూడా. అందరం తిప్పాం. భార్యాభర్తల్లో ఆవిడ 60 వేసింది. నా 61 కంటే చిన్నది కదా, ముందు అదే వెళ్లి అయిదోదిగా కూర్చుంది. నాది ఆరోది. అయిదు, మూడు, ఏడు, ఒకటి, మూడు. 19 తలలు ఒక్క దెబ్బతో.

ముఖం మాడిందా అంటే, మాడింది. కానీ పది సెకన్లే. తర్వాతి ముక్క ఎన్నుకోవాలి కదా, మాడ్చుకోవడానికి టైమ్ లేదు. అయిదో పంపకంలో 71తో నేనే ఆట ముగించాను. గెలిచింది ఆవిడే. వాళ్లాయన రెండో స్థానం. ఇద్దరూ ఒకరి ముక్క ఒకరు ఊహించుకుంటూ ఆడారట. ఇంటికి వెళ్లేటప్పుడు అదే మాట్లాడుకుంటున్నారు. గొడవ అయితే వినబడలేదు.

ఫోన్లు రెండున్నర గంటలు టేబుల్ కింద సంచిలోనే ఉన్నాయి. ఎవరూ తీయొద్దని చెప్పలేదు.

#22 ఆఖరివరుస

44, 50, 55, 56, 60. ఆహా. ఈ వరుస ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకోవాలి.

మీరు చేసిన తప్పు అందరం చేసేదే. అయిదో చోటు భద్రం అనుకుంటాం. మన అంకెకీ వరుస చివరి అంకెకీ మధ్య ఎన్ని ముక్కలు బయట తిరుగుతున్నాయో చూడం. 56కీ 61కీ మధ్య నాలుగున్నాయి. అవి నాలుగూ పడిపోయి ఉంటేనో, మీ చేతిలోనే ఉంటేనో 61 భద్రం.

#23 అట్టపెట్టె

నేను కూడా ఆదివారం 64 ముక్కలతో ఆడాను. లాటరీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సగం మాత్రమే.

#24 ఓడినవాడు

నేను కూడా కొన్నాను. మూడో స్థానం వచ్చింది!

#25 బొంకులబాబు

ఎంతమందిలో?

#26 ఓడినవాడు

ముగ్గురిలో.

#27 కొత్తముక్క

హహహ. ఓడినవాడు గారూ, మీ తోడుగా నేనున్నాను.

ఇంకో సందేహం. మావాళ్లు నలుగురు కొత్తవాళ్లని తెస్తామంటున్నారు వచ్చేసారి. మొత్తం పది మందిమి అవుతాం. రెండు ఆటలుగా విడిపోవాలా, ఒకే ఆట ఆడొచ్చా?

#28 లెక్కలపిచ్చి

ఒకే ఆట ఆడండి. పది పదులు వంద, మధ్యలో నాలుగు. పెట్టెలో ఉన్న 104 ముక్కలూ సరిగ్గా సరిపోతాయి, ఒక్కటి కూడా మిగలదు. ఆ పెట్టెలో 104 ఎందుకున్నాయా అని నేను చాలా రోజులు ఆలోచించాను, ఒక రాత్రి తట్టింది.

కాకపోతే ప్రతిసారీ పది ముక్కలు తిరుగుతాయి. మీరు వేసిన ముక్క వరుసలోకి చేరేలోపు నాలుగు వరుసలూ మారిపోయి ఉంటాయి. లెక్కలు పనిచేయవు. నేనైతే అప్పుడు ఆలోచించడం మానేసి అరుస్తూ ఆడతాను.

#29 నిదానం

అంకెలు చిన్నవి. దూరంగా కూర్చున్నవాళ్లకి వరుసలు కనబడవు. చిన్న టేబుల్ అయితే కింద చాప పరుచుకుని చుట్టూ కూర్చోండి.

#30 కొత్తముక్క

చాపే. మా టేబుల్ ఆరుగురికే ఇరుకు.